మిషను ఆగితే లేచేవాళ్లు

కన్నును చేసి, చూపును దాని వెనకాల పుర్రె చీకట్లో భద్రంగా దాచిపెట్టిన దేవునికి స్తోత్రం. పొద్దున్నే మేలుకొలుపుతున్నందుకు స్తోత్రం. అలసినవాళ్లకు నిద్ర ఇస్తున్నందుకు రెండింతల స్తోత్రం. ఈ చివరి స్తోత్రం రెండింతలు ఎందుకైందో చదివాక మీకే తెలుస్తుంది.

కరీంనగర్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, మూడేళ్ల క్రితం రిటైరయ్యాను. నా పరిశోధన చూపు మీద. మనిషి ఒక వస్తువును చూస్తున్నప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో పెద్ద స్కానింగ్ మిషనులో పడుకోబెట్టి, బొమ్మలు తీసి తెలుసుకోవడం నా పని. మా సంఘంలోని ముసలమ్మలకు ఇది ఎన్నడూ అర్థం కాలేదు. వాళ్లకు నేను "కండ్ల డాక్టరమ్మ"ను. ఆదివారం ఆరాధన ముగియగానే కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టేవారు. నేను చీర కొంగుతో తుడిచి తిరిగి ఇచ్చేదాన్ని. "ఇగో, ఇప్పుడు మంచిగ కనవడ్తుంది" అని దీవించేవారు. నా ఉద్యోగ జీవితంలో వెంటనే ఫలితమిచ్చిన పని అదొక్కటే.

పరిశోధనలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఏదైనా రాయమని మా విభాగంవాళ్లు అడిగారు. గెలుపుల గురించి రాద్దామని కూర్చుంటే అరపేజీలో అయిపోయాయి. అందుకని ఈ సంగతి రాస్తున్నాను.

కరీంనగర్ నుంచి గంట ప్రయాణంలో మరమగ్గాల ఊరు ఉంది. అక్కడ ఒక్కో నేతకార్మికుడు ఒకేసారి ఆరేడు మగ్గాలు చూసుకుంటాడు. వేల పోగుల్లో ఒక్కటి తెగినా నడుస్తూ నడుస్తూనే పట్టేస్తాడు. ఆ చూపు ఎలా వచ్చింది? మెదడులో ఏం మారింది? నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఎంచుకున్న ప్రశ్న ఇది. ఆమెది ఆదిలాబాద్. తండ్రి లేడు, తల్లి అంగన్‌వాడీలో ఆయా. ఆదిలాబాద్‌లోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం చేస్తూ, సెలవు పెట్టి పరిశోధనకు వచ్చింది. వచ్చే జూన్‌కల్లా పీహెచ్‌డీ చేతికి రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని కాలేజీ వాళ్లు కాగితం పంపారు. ఆ కాగితాన్ని ఆమె మడిచి, నోటుపుస్తకం అట్ట లోపల పెట్టుకుంది. పుస్తకం తెరిచినప్పుడల్లా నాకూ కనిపించేది.

మాకు సొంత మిషను లేదు. మా సంఘ పెద్ద ఒకాయన నడిపే స్కానింగ్ సెంటర్‌లో శనివారం పొద్దున రెండు గంటలు వాడుకోనిచ్చేవారు. పని సులువైనదే. మనిషి మిషను సొరంగంలో పడుకుంటాడు. కళ్లకు ఎదురుగా అద్దంలో పోగుల బొమ్మలు వస్తాయి. కొన్ని బొమ్మల్లో ఒక పోగు తెగి ఉంటుంది. కదలకుండా చూస్తూ ఉండటమే. చూస్తున్నంతసేపూ మిషను చెవులు చిల్లులు పడేలా టకటక, ధనధన కొట్టుకుంటుంది.

పోల్చి చూడటానికి ముందు మా యూనివర్సిటీ గుమాస్తాలను పడుకోబెట్టాం. పరీక్షల విభాగం గుమాస్తా ఒకాయన రెండు నిమిషాలకే ఆపమని చెప్పడానికి చేతికిచ్చిన రబ్బరు బుడ్డి నొక్కి, "నన్ను బయటికి గుంజుండ్రి! నా పింఛను కాయితాల మీద ఇంక సంతకం గాలే!" అని మొత్తుకున్నాడు. మిగతావాళ్లు ఎలాగో ఓర్చుకున్నారు. వాళ్ల తల వెనక భాగం, అంటే చూపుకు సంబంధించిన చోటు, బొమ్మల్లో ఎర్రగా మండింది.

తరువాత నేతకార్మికులు వచ్చారు. పన్నెండుమంది. ఇరవైమంది కావాలనుకుంటే పన్నెండుమందే దొరికారు. నాలాంటి విశ్వాసికి పన్నెండు అనే ప్రభువు శిష్యుల లెక్క చూస్తే ఎంత ధైర్యం వస్తుందో చెప్పనక్కరలేదు. అందరికంటే పెద్దాయనకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. మిషను గదిలోకి లోహం ఏదీ పోకూడదు. ఆయన చేతికి వేములవాడ రాజన్నకు మొక్కుకుని వేసుకున్న రాగి కడెం ఉంది. చాలాసేపు తటపటాయించి, తీసి నా అరచేతిలో పెట్టాడు.

"కింద వెట్టకు బిడ్డా. గోడకు గుడ తగిలియ్యకు. నేను బయటికొచ్చేదాంక నీ చేతులనే వట్టుకో."

నేను రాజన్నను కొలిచేదాన్ని కాను. కానీ ఒకరు నమ్మి చేతిలో పెట్టినదాన్ని టేబుల్ మీద పడేసేంత భక్తిహీనురాలినీ కాను. ఆయన లోపల ఉన్నంతసేపూ కడెం పట్టుకునే కూర్చున్నాను. మొదటి శనివారమే కాదు, తరువాత నాలుగు శనివారాలూ.

నేతకార్మికులు మిషనులోకి నవ్వుకుంటూ పోయారు. ఒక్కరూ రబ్బరు బుడ్డి నొక్కలేదు, వేలు కూడా కదపలేదు. మిషను నడిపే టెక్నీషియన్ వక్కపొడి నములుతూ, "మేడం, గీళ్లు మనుషులా, దేవతలా? ఎంత సప్పుడు జేసినా ఉలుకు లేదు, పలుకు లేదు" అని ఆశ్చర్యపోయేవాడు.

వచ్చిన బొమ్మలు చూసి నేనూ, నా దగ్గర పరిశోధన చేస్తున్న మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గుమాస్తాల తలల్లో మంటలా కనిపించిన చోటు వీళ్ల తలల్లో చల్లగా, చీకటిగా ఉంది. ముప్పై నలభై ఏళ్లు పోగులు చూసిన కన్నుకు చూడటం ఇక శ్రమే కాదన్నమాట! అలసట అన్నదే లేని చూపు!

లోపల కన్ను తెరిచి ఉందో లేదో చూపించే చిన్న కెమెరా ఒకటి ఉండాలి. మాది చెడిపోయి, బాగుచేయడానికి పోయింది. అది వచ్చేదాకా ఆగాలన్నది నాకు తెలుసు. ఆగలేదు. బదులుగా బయటికొచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగాను. "బొమ్మలు చూశారా?"

"సూసిన."

"ఏం కనిపించింది?"

"తెల్ల పోగులు. నడుమ ఒకటి తెగింది."

పన్నెండుమందీ అవే మాటలు అన్నారు. పన్నెండుమంది సాక్షులు పొల్లుపోకుండా ఒకే మాట చెప్తే అది సత్యమే అయి ఉంటుందని నేను నమ్మాను. నా చోట ఒక పోలీసు ఉండి ఉంటే వెంటనే అనుమానపడేవాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆ నెలలోనే ఆదిలాబాద్‌లో స్త్రీల కూడికకు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. నేను లేచి, సృష్టికర్త నేతగాళ్ల కన్నును అలసట లేకుండా ఎలా తీర్చిదిద్దాడో, ఆయన మహిమను యంత్రం కూడా ఎలా ఒప్పుకుందో చెప్పాను. స్త్రీలు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ముందువరసలో కూర్చున్న మా అమ్మాయి తల్లి లేచి నిలబడి, "మా పిల్ల సుత గట్లనే అమ్మా, కండ్లు మూయకుంట సదువుతది! దాన్ని గట్టెక్కించు ప్రభువా!" అని ఏడ్చింది. అందరం కలిసి ఆ పిల్ల పీహెచ్‌డీ కోసం ప్రార్థన చేశాం.

కరీంనగర్ తిరిగొచ్చేసరికి మా సంఘం పాస్టరు అయ్యగారు ఫ్లెక్సు కొట్టించేశారు. దానిమీద బండి చక్రమంత కన్ను, పక్కన నా ఫొటో, పైన "అలసిపోని కన్ను – మూడు రోజుల ఉజ్జీవ కూటాలు" అన్న అక్షరాలు. దాన్ని తెచ్చి సరిగ్గా స్కానింగ్ సెంటర్ ఎదురుగా కట్టించారు. "గాడ రోగులు మస్తు మంది వస్తరమ్మా, వాక్యం వాళ్లకు సుత అందాలె" అన్నారు.

ఆ ఫ్లెక్సు కిందనుంచే, మా పని చూసి తీర్పు చెప్పే కమిటీ లోపలికి నడిచి వచ్చింది.

కమిటీ అంటే ఇద్దరే. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ గారు, ఛైర్మన్. ఆయనకు తోడు స్కానింగ్‌లో నిపుణురాలైన డాక్టరమ్మ. వాళ్లు బాగుందని సంతకం పెడితే మా అమ్మాయి పీహెచ్‌డీ జూన్‌లోపు అయిపోతుంది. లేదంటే మొదటికి వస్తుంది. పరీక్షలో పాల్గొన్నవాళ్లను కూడా చూస్తామన్నారు కనుక పన్నెండుమందినీ ట్రాలీ ఆటోలో పిలిపించాం. పదకొండుమంది వరండాలో బెంచీల మీద కూర్చున్నారు. పెద్దాయన కడెం తీసి నా చేతికిచ్చి మిషనులోకి పోయాడు.

ఛైర్మన్ గారు అద్దం ఇవతల మా పక్కన నిలబడి చూశారు. మిషను ఆరు నిమిషాలు కొట్టుకుంది. తెర మీద పెద్దాయన తల వెనక భాగం చల్లగా, ప్రశాంతంగా కనిపించింది. "అద్భుతం!" అన్నారు ఛైర్మన్. మా అమ్మాయి నోటుపుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. టెక్నీషియన్ మీట నొక్కి మిషను ఆపాడు.

గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం.

అప్పుడు మైకులోంచి పెద్దాయన గొంతు పెద్దగా వినిపించింది. "ఒరేయ్! ఏ మగ్గం ఆగిందిరా? పోగు సూడుండ్రి! పోగు సూడుండ్రి!"

టెక్నీషియన్‌కు వక్కపొడి గొంతులో అడ్డం పడింది. డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పి, "ఆయన నిద్రపోయారా?" అని మెల్లగా అడిగింది.

పిల్లలారా, నా జీవితంలో నేను అతివేగంగా ఆడిన అబద్ధం ఇది: "లేదు మేడం. తెగిన పోగు బొమ్మ చూశారు కదా, అందుకని అలా అరిచారు."

"చూశారా ఎంత ఏకాగ్రతో!" అని ఛైర్మన్ గారు ఆ మాట కూడా కాగితం మీద రాసుకున్నారు. కలం తీసి సంతకం పెట్టే చోటు వెతకసాగారు. మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంది, ఇంకేదో కూడా ఉంది. వీళ్లు లోపల నిద్రపోతున్నారని ఆమెకు చాలా రోజులుగా తెలుసని అప్పుడే నాకు అర్థమైంది.

పెద్దాయన బయటికొచ్చాడు. నేను కడెం ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు.

"జెర ఆగు బిడ్డా. గది నీ చేతులనే ఉండనియ్యి."

"ఎందుకు తాతా?"

"నువ్వు ఇంక అడగలే గద. బొమ్మలు సూసినవా అని అడుగుతవు గద రోజు. అడిగేటిది అడుగు. అటెన్క కడెం ఏస్కుంట."

నేను అడగలేదు. ఆయనే గొంతు తగ్గించి చెప్పాడు. "రాజన్న కడెం చేతికుండంగ అబద్ధమాడద్దు. గందుకే రోజు గది లేనప్పుడే సూసిన అని చెప్పి, అటెన్క ఏస్కున్న. ఏం జేద్దు బిడ్డా? మగ్గాల కాడ నిద్రవోతె సేటు ఎల్లగొడ్తడు. నువ్వు సుత ఎల్లగొడ్తవనుకున్నం. నీ మనసు సుత నొయ్యద్దు గద. గీ మిషిన్ల ఇంట్ల కంటె మంచిగ నిద్రవడ్తది. సప్పుడు అచ్చం మా మగ్గాల సప్పుడే. నేను పుట్టింది, పెరిగింది గా సప్పుడులనే."

"మరి తెల్ల పోగులు? నడుమ ఒకటి తెగింది?"

"గది మొదటి దినం నాకు జెరంత సేపు కనవడ్డది. బయటికొచ్చి చాయ్ కాడ అందరికి చెప్పిన."

ఐదు శనివారాలుగా ఆయన తన దేవుని ముందు అబద్ధం ఆడకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తగా వరస పాటించాడో చూడండి. నేనో? మెడలో సిలువ గొలుసుతో అబద్ధమాడాను. మిషను గదిలోకి పోవడం లేదు కదా అని ఆ రోజు తీయను కూడా లేదు.

ఛైర్మన్ గారి కలం కాగితానికి ఆనింది. "సార్, ఒక్క నిమిషం సంతకం ఆపండి" అన్నాను.

అందరినీ వరండాలోకి నడిపించాను. పదకొండుమంది లేచి నిలబడ్డారు. వాళ్లను ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగితే మళ్లీ తెల్ల పోగులే చెప్తారు. ఏం చేయాలో తోచక, నాకు చిన్నప్పటినుంచి వచ్చిన ఒకే ఒక పద్ధతిని వాడాను. మా కూటాల్లో ప్రసంగం చివర అయ్యగారు, ఎవరూ సిగ్గుపడకుండా, అందరినీ కళ్లు మూసుకోమని, మారుమనసు పొందినవాళ్లను చేతులెత్తమని అడుగుతారు.

"అందరూ తలలు వంచండి. కళ్లు మూసుకోండి. పక్కవాళ్లను ఎవరూ చూడొద్దు. మీరు కూడా సార్. మీరు కూడా డాక్టరమ్మా."

వెనకనుంచి ఒకాయన భయంగా అడిగాడు. "మేడం, కండ్లు మూస్కుంటె మల్ల నిద్రవడ్తది, పర్వలేదా?"

"పర్వాలేదు. మిషనులో నిద్రపోయినవాళ్లు, ఒకసారైనా సరే, మెల్లగా చెయ్యెత్తండి. ఎవరినీ ఎల్లగొట్టను. ఎవరి మీదా కోపం లేదు."

మొదట ఒక చెయ్యి లేచింది. తరువాత రెండు. ఆ తరువాత బెంచీ చివరిదాకా వరసగా లేచాయి. పెద్దాయనది కూడా. పన్నెండు. గోడవారగా ఉన్న టెక్నీషియన్ కూడా ఒక చెయ్యి సగం లేపాడు. మైకులో గురక వినిపిస్తే శ్వాస గట్టిగా ఉందనుకున్నానని తరువాత చెప్పాడు. చివరకు మా అమ్మాయి చెయ్యి లేచింది. ఆమె ఎప్పుడూ ఆ మిషనులో పడుకోలేదు. ఇంకో చేత్తో నోటుపుస్తకాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

ఇక నేను. మొదటి పరీక్ష నా మీదే చేసుకున్నాం. ఆ రోజు నేనూ మిషనులో కళ్లు మూసుకున్నాను. బయటికొచ్చి, "ప్రార్థన చేసుకున్నాను" అని చెప్పాను. రెండు వాక్యాల తరువాత ఆ ప్రార్థన ఏమైందో నాకూ దేవునికీ మాత్రమే తెలుసు. కళ్లు మూసుకుని చెయ్యెత్తాను. పైకి లేచిన చేతిలో రాజన్న కడెం ఉందని కళ్లు తెరిచాకే చూశాను. అప్పటికే ఛైర్మన్ గారు కళ్లు తెరిచి నన్ను చూస్తున్నారు. ఆయన ఎంతసేపటినుంచి చూస్తున్నారో నేను అడగలేదు.

"అంటే మీ సిద్ధాంతం..." అన్నారాయన.

"నిద్రపోతున్నవాళ్లకు బొమ్మలు కనిపించవని, సార్. ఐదు శనివారాలు శ్రమపడి కనుక్కున్నాం. మీకు ఇందాక చెప్పింది కూడా అబద్ధం."

ఆయన కలం మూత పెట్టేశారు. పోతూ పోతూ గేటు దగ్గర తలెత్తి "అలసిపోని కన్ను" ఫ్లెక్సును పై నుంచి కిందికి పూర్తిగా చదివారు. డాక్టరమ్మ మాత్రం వెనక్కి తిరిగి వచ్చి పెద్దాయనను అడిగింది. "అంత చప్పుడుకు లేవనివారు, చప్పుడు ఆగితే ఎట్ల లేచారు?"

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "సప్పుడుకు ఎందుకు లేస్తరమ్మా? ఆగితెనే గద లేవాలె."

పెద్దాయన కడెం తీసుకుని వేసుకున్నాడు. ఈసారి నన్ను ఏమీ అడగమనలేదు.

జూన్‌లో మా అమ్మాయి ఉద్యోగం పోయింది. నేను కాలేజీకి వెళ్లి బతిమాలాను, వాళ్లు వినలేదు. నా నిజానికి వెల ఆ పిల్ల కట్టింది. అందుకే ఆ నిజం గురించి ఛాతీ విరుచుకుని చెప్పుకునే హక్కు నాకు లేదు. ఆమె నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఐదో నెలలో ఒక రోజు ఆదిలాబాద్ బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చి, ఫోను టేబుల్ మీద పెట్టింది. అందులోంచి మరమగ్గాల చప్పుడు గదంతా నిండింది.

"మీరు నన్ను ముంచిన్రు మేడం."

"అవునమ్మా."

"నాకు తెలిసి సుత నేను చెప్పలే. గది వేరే ముచ్చట." ఫోను ఆపింది. గది నిశ్శబ్దమైంది. "డాక్టరమ్మ అడిగింది యాదికున్నదా? ఈసారి వాళ్లకు చెప్పే పండుకోబెడ్దాం. చప్పుడు ఆగంగనే మెదడుల ఏం లేస్తదో సూద్దాం."

మళ్లీ మొదలుపెట్టడానికి, ముగించడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఆమె పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంది. కెమెరా బాగై వచ్చేదాకా ఈసారి ఒక్కరినీ మిషనులోకి పంపలేదు. పన్నెండుమందీ సంతోషంగా వచ్చి, నిద్రపోయి వెళ్లారు. ఇప్పుడామె ఆదిలాబాద్ జిల్లాలోనే ఇంకో కాలేజీలో పాఠం చెప్తోంది.

సంఘం ముందు కూడా ఒప్పుకోవలసి వచ్చింది. ఆదివారం లేచి, నా సాక్ష్యం తప్పని, అది అలసిపోని కన్ను కాదు, మూసుకున్న కన్ను అని చెప్పాను. నిందిస్తారేమో అనుకున్నాను. "ఇంతకంటె పెద్ద సాక్ష్యం ఏముంటది!" అని అయ్యగారు దాన్నే వచ్చే కూటాలకు అంశంగా పెట్టబోయారు. ఇంకో ఫ్లెక్సు కొట్టించకుండా ఆపడానికి నాకు వారం రోజులు పట్టింది. పాత ఫ్లెక్సును మంథని వైపు సంఘస్థుడు ఒకాయన వడ్లు ఆరబోసుకోవడానికి తీసుకుపోయాడు. ఆ కోతల కాలంలో బస్సులో పోతుంటే రోడ్డు పక్కన కనిపించింది. వడ్ల మధ్యలోంచి ఆ పెద్ద కన్ను ఆకాశాన్ని చూస్తోంది. నా ఫొటో మీద ఒక కోడి నిలబడి ఉంది.

పిల్లలారా, ఆ ఐదు శనివారాలూ మిషను మొదలయ్యే ముందు ప్రతిసారీ నేను ప్రార్థన చేశాను. మంచి ఫలితం ఇమ్మని అడిగాను. ఆయన ఇచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చూపించమని మాత్రం ఒక్కసారీ అడగలేదు. మీరు అది ముందే అడగండి.

ఇప్పుడు నాతో కలిసి ప్రార్థన చేయండి. మీరు ఏ దేవుని బిడ్డలైనా సరే, తలలు వంచండి, కళ్లు మూసుకోండి. చప్పుళ్ల మధ్య నిద్రపోయి బతుకుతున్న నేతకార్మికుల కోసం ప్రార్థించండి. ఉద్యోగం పోగొట్టుకుని కూడా నా గదికి తిరిగొచ్చిన ఆ పిల్ల కోసం ప్రార్థించండి. తండ్రీ, ఇంతసేపు మాట్లాడింది నేనే. ఇప్పుడు ఆగుతున్నాను. ఈ నిశ్శబ్దానికి ఎవరికైనా మెలకువ వస్తే, పక్కవాళ్లను చూడకుండా, మెల్లగా చెయ్యెత్తమని చెప్పు. నా చెయ్యి ముందే లేచి ఉంది. ఆమేన్.